మూడు నూళ్ళు ముందుకు జరిగిన బ్రిడ్జి

విరుదునగర్‌లో పంగుని అనే తమిళ నెలలో, ఎండలు ముదిరే ముందు, అమ్మవారికి పొంగల్ ఉత్సవం జరుగుతుంది. ఆ ఏడాది ఉత్సవ వేదిక మీద, మూడో పాట పల్లవి దాటి చరణంలోకి ఎక్కుతుండగా, ఆర్కెస్ట్రా లీడరు తల తిప్పకుండా ఎడమ చెయ్యి చాచి మిక్సర్ మీద ఒక మీటను కిందికి లాగాడు. కోపంగా లాగలేదు. చలివేసిన పెద్దమనిషి ఫ్యాను తగ్గించుకున్నట్టు లాగాడు. ఆ మీట బేస్ గిటార్‌ది. వెంటనే కీబోర్డు ఆయన తన ఎడమ చేతిని ఒక జానెడు పక్కకు జరిపి, గిటార్ పలకాల్సిన స్వరాలను కీబోర్డు మీద పలికించడం మొదలుపెట్టాడు. పాట ఆగలేదు. తాళం తప్పలేదు. మైదానం నిండా ఉన్న జనంలో ఒక్కరు కూడా వేదిక వైపు అనుమానంగా చూడలేదు.

బేస్ గిటార్ వాయించే మా బావ వేళ్ళు మాత్రం తీగల మీద ఆడుతూనే ఉన్నాయి. తన స్పీకరు పెట్టెలోంచి చప్పుడు రావడం లేదని ఆయనకు తెలిసింది. తెలిసినట్టు కనబడకుండా వాయించడం ఎలాగో కూడా ఆ క్షణంలోనే నేర్చుకున్నాడు.

వేదిక పక్కన నాతోపాటు నిలబడ్డ మా పత్రిక ఫొటోగ్రాఫర్ కెమెరా దించి నా వైపు చూశాడు.

“సార్, ఇప్పుడు తీస్తే తప్పవుతుందా?”

“ఎందుకు తప్పు?”

“వాయిస్తున్నట్టు పడుతుంది కదా.”

“ఫొటోలో ఎప్పుడూ చప్పుడు ఉండదు. తియ్యి.”

పదవుల నుంచి మనుషులను దించడం నా ఉద్యోగంలో చాలా చూశాను. పంచాయతీ అధ్యక్షులను దించారు, మిల్లు యూనియన్ నాయకులను దించారు, రాత్రికి రాత్రి తాసిల్దార్లను కూడా మార్చారు. అంత శుభ్రంగా, వేదిక మీదే ఉంచి దించడం మాత్రం ఆ ఒక్కసారే చూశాను.

పత్రికల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. మీరు చూసిన పెద్ద సంఘటన ఏమిటని అడుగుతారు. వాళ్ళు ఎన్నికలనో తుపాకీ కాల్పులనో ఆశిస్తారు. నేను గిటార్‌కు బిగించే ఒక ఇనప ముక్క గురించి మొదలుపెడతాను. వాళ్ళు మర్యాదగా టీ తాగి లేస్తారు. మీరు చదువుతున్నవాళ్ళు కాబట్టి నేను చూడకుండా లేచి వెళ్ళే సౌకర్యం ఉంది. కూర్చుంటే సంతోషం.

నేను కోవిల్‌పట్టిలో ఒక తమిళ దినపత్రికకు విలేఖరిగా పనిచేసి రిటైరయ్యాను. మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు రాయడం ఉద్యోగం వదిలాకే నేర్చుకున్నాను. ముప్పొద్దులా మాట్లాడే భాషను ముసలితనంలో పలక మీద దిద్దడమేమిటని మా ఇంట్లోనే నవ్వారు.

మా బావ కోవిల్‌పట్టి పక్క పల్లెలో నల్లరేగడి రైతు. మా చిన్నాయన కూతురిని చేసుకున్నాడు. ఆ నేలకు వానే దిక్కు. వాన పడని ఏడాది చేలో పని ఉండదు కాబట్టి బేస్ వాయించేవాడు. పడిన ఏడాది పంటకు ధర ఉండదు కాబట్టి బేస్ వాయించేవాడు. ఈ లెక్కన ఆయన వాయించని ఏడాది లేదు.

బేస్ గిటార్ అంటే నాలుగు లావుపాటి తీగలున్న గిటార్. పెళ్ళిలో పాట నడుస్తున్నప్పుడు కుర్చీ కిందనుంచి కడుపులోకి ఎక్కే గుమ్ముమనే చప్పుడు దానిదే. ఉన్నంతసేపు దాన్ని ఎవరూ వినరు. ఆ రకంగా అది మా జిల్లా విలేఖరుల ఉద్యోగంలాంటిది.

బావ గిటార్ చాలా పాతది. తూత్తుక్కుడి రేవులో ఎవరో ఓడ మనిషి అమ్మితే, కోవిల్‌పట్టిలో ఒకరిద్దరి చేతులు మారి బావ దగ్గరికి వచ్చింది. అది ఏ దేశంలో తయారైందంటే, మా వైపు ఎంతమంది పెద్దలుంటే అన్ని దేశాల పేర్లు వినబడతాయి. తల మీద కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఎవరో అమ్మవారి స్టిక్కరు అంటించారు. పేరు చూద్దామని బావ ఒకసారి స్టిక్కరు పీకితే, పేరు కూడా దానితోపాటే ఊడి వచ్చింది. అమ్మవారి వీపున రెండక్షరాలు మిగిలాయి. ఆ రెండింటితో మొదలయ్యే కంపెనీ ఏదీ ఎవరికీ తెలియలేదు.

బావకు పేరు తెచ్చింది గమకం. గిటార్ మెడ మీద అడ్డంగా బిగించిన మెట్లలో పై మెట్ల మీదికి వెళ్ళినప్పుడు తీగను వేలితో రవంత పక్కకు లాగి పట్టేవాడు. బేస్ గిటార్‌ను అలా వాయించరని తెలిసినవాళ్ళు అంటారు. మా వైపు తెలిసినవాళ్ళు లేరు కాబట్టి అందరూ మెచ్చుకున్నారు. “వీణె మాదిరి ఉండాదప్పా” అని ఎవరో అన్నారు. మా పత్రిక ఆ మాటను ఒకసారి వేసింది. తర్వాత మిగతా పత్రికలు మా పత్రికను చూసి వేశాయి. అంతటితో అది చరిత్ర అయిపోయింది.

ఇక జరిగింది చెబుతాను. సాత్తూరులో ఒక కల్యాణ మండపంలో, పెళ్ళికూతురి తరఫువాళ్ళు భోజనాలకు లేచిన సమయంలో, గిటార్ బ్రిడ్జి పగిలింది. బ్రిడ్జి అంటే తీగల అడుగు కొసలను చెక్కకు పట్టి ఉంచే లోహపు పలక. అన్నింటికంటే లావు తీగ తగిలించే మూల చిట్లి, తీగ లేచి డ్రమ్ముల ఆయన చెవి పక్కనుంచి పోయింది. తగల్లేదు. అయినా ఆయన చాలాకాలం ఆ చెవి వినబడదని చెప్పుకుని తిరిగాడు.

ఆర్కెస్ట్రా లీడరు విరుదునగర్ మనిషి. నేత కుటుంబం. ఆయన ఇంట్లో మరమగ్గాలు ఆడతాయి, ఇంట్లో మాటలు తెలుగే. పోగు తెగితే మగ్గం ఆపి ఏడవకుండా ముడేసి ముందుకు పోవడం ఆ ఇంటి పద్ధతి. ఆర్కెస్ట్రా కూడా అలాగే నడిపాడు. పగిలిన బ్రిడ్జిని చూసి బావతో చాలా మర్యాదగా మాట్లాడాడు.

“అన్నా, పంగునికి ముందర సరిచేసుకోని రా. లేదంటే కీబోర్డే చూసుకుంటది. నాకేమీ కష్టం లేదు.”

బావకు గుచ్చుకున్నది చివరి మాట. చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్లు అప్పటికే ఒక్కొక్కటిగా దిగిపోయాయి. కీబోర్డు ఎడమ చేతికి ఆ పని అప్పజెబితే ఒక మనిషి తగ్గుతాడు, ఒక విస్తరి తగ్గుతుంది, వ్యానులో కాళ్ళు చాపుకోవచ్చు. అలా దిగినవాడిని మళ్ళీ పిలిచి ఎక్కించుకున్న ఆర్కెస్ట్రా మా వైపు ఒక్కటీ లేదు. పంగుని వేదిక మీద బావ లేకపోతే, ఇక ఏ వేదిక మీదా ఉండడు. ఈ సంగతి బావకు తెలుసు, లీడరుకు తెలుసు, మా చెల్లెలికి ఇద్దరికంటే బాగా తెలుసు.

అందుకే మా చెల్లెలు నాకు ఫోన్ చేసింది. “అన్నా, నీకు తెలియనోళ్ళు ఉంటారా? కలెక్టరుకే ఫోను చేస్తావు. ఒక ఇనప ముక్క దొరకదా నీకు?”

కలెక్టరు నా ఫోను ఎత్తడని ఆమెకు చెప్పలేదు. అలాంటి భ్రమల మీదే కదా విలేఖరి గౌరవం నిలబడేది.

మొదట విరుదునగర్‌లో సంగీత వాయిద్యాల అంగడికి వెళ్ళాం. అక్కడ హార్మోనియాలు, బడి పిల్లల బ్యాండు డ్రమ్ములు అమ్ముతారు. అసలు వ్యాపారం ఆటల పోటీలకిచ్చే కప్పులది. అంగడాయన కుర్చీ నుంచి లేవకుండా అడిగాడు.

“శాంపులు తెచ్చినారా?”

మా జిల్లాల్లో వ్యాపారమంతా ఈ ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. బోరు పంపు వాషరు కావాలన్నా, మిక్సీ జాడీ మూత కావాలన్నా, తలుపు గడియ కావాలన్నా పాతదాన్ని ఊడదీసి, కాగితంలో చుట్టి, అంగడి బల్ల మీద పెట్టాలి. నోటితో చెప్పినదాన్ని ఎవరూ నమ్మరు. కొలత రాసుకెళితే అవమానంగా చూస్తారు. శాంపులే సాక్షి, శాంపులే తీర్పు. చుట్టి తెచ్చే కాగితం చాలావరకు మా పత్రికే అయి ఉండేది. మా అమ్మకాలు పడిపోకుండా ఆపిన కారణాల్లో అది ఒకటని సర్క్యులేషన్ విభాగం కూడా ఒప్పుకునేది.

బావ పొట్లం విప్పాడు. అంగడాయన పగిలిన బ్రిడ్జిని తిప్పి చూసి, గోరుతో గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఇది రాదప్పా. ఇది రొంబ పాతది.”

“పాతది కాబట్టేగదా కొత్తది అడుగుతా ఉండాము.”

“కొత్తది ఇట్ల ఉండదు. కొత్తగా ఉంటది.”

ఇంత స్పష్టమైన సమాధానం నాకు ఏ మంత్రి దగ్గరా దొరకలేదు.

తర్వాత ఫొటోగ్రాఫర్ ఫోనులో వెతికి ఒకటి తెప్పించాడు. అన్ని బేస్ గిటార్లకూ సరిపోతుందని దాని పెట్టె మీద ఉంది. బావది ఆ అన్నింటిలో చేరలేదు. మరలు బిగించే రంధ్రాలు ఒక్కటీ కలవలేదు. వెనక్కి పంపి ఇంకొకటి తెప్పిస్తే రంధ్రాలు కలిశాయి, తీగలు కలవలేదు. నాలుగూ ఒకదాన్నొకటి రాసుకుంటూ సంతకు తోలిన మేకల్లా మెడ మధ్యలోకి చేరాయి. బావ వాటి మధ్య వేలు పెట్టి చూసి, “దీంట్లో వేలు పోదు, పేను పోతది” అన్నాడు.

చివరికి కోవిల్‌పట్టిలో ఒక లేతు పట్టరకు వెళ్ళాం. అగ్గిపెట్టెల మిషన్లకు విడిభాగాలు చేసే చిన్న పనిశాల అది. యజమాని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“శాంపులు ఉండాదా? అట్లంటే దిగులెందుకు? శాంపులిస్తే చందమామకి జోడీ చేసిస్తాను.”

చేసిచ్చాడు. ఇత్తడితో, నిగనిగలాడుతూ, అచ్చం పాతదే. పాతదాని మూలన ఎప్పుడో కింద పడి ఏర్పడిన సొట్ట ఉండేది. కొత్తదానికీ అదే మూల, అదే లోతున సొట్ట ఉంది.

“ఇది దెబ్బ తగిలి పడిన సొట్టప్పా” అన్నాడు బావ.

“శాంపుల్లో ఉండాది” అన్నాడు యజమాని. దానికి ఎదురు చెప్పే చట్టం మా జిల్లాలో లేదు.

బ్రిడ్జి రంధ్రాల మీద సరిగ్గా కూర్చుంది. తీగలు సరైన దూరంలో నిలిచాయి. బావ వాయిస్తే పాత చప్పుడే వచ్చింది, పై మెట్ల మీద పాత గమకమే పలికింది. పంగునికి ఇంకా సమయం ఉంది. మా చెల్లెలు అందరికీ కాఫీ ఇచ్చింది. మామూలు మనుషులైతే ఇక్కడితో ఆపేవాళ్ళు. మేము పత్రికవాళ్ళం.

పాత బ్రిడ్జి ఊడదీసినప్పుడు మా ఫొటోగ్రాఫర్ కింది చెక్కను ఫొటో తీశాడు. వాడికి ఏది ఊడదీసినా ఫొటో తీసే జబ్బు ఉండేది. కాఫీ తాగుతూ దాన్ని పెద్దది చేసి చూపించాడు. మరల రంధ్రాల వరసకు ముందు, మెడ వైపు, మూడు నూళ్ళ దూరంలో ఇంకో వరస రంధ్రాలు ఉన్నాయి. నూలంటే మా వైపు వడ్రంగుల కొలత, అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ రంధ్రాల్లో ఎవరో అగ్గిపుల్లలు కుక్కి, తలలు తరిగేసి, పైన రంగు పూశారు. మరలు వదులైన చోట అగ్గిపుల్ల కుక్కడం మా ఊళ్ళో అందరికీ పుట్టుకతో వచ్చిన విద్య. అగ్గిపెట్టెలకు పేరుపడ్డది మా కోవిల్‌పట్టే కాబట్టి, ఆ పుల్లలు మా ఊరివేనా అని కాసేపు చర్చ జరిగింది. మా ఊరివేనని తీర్మానించి గర్వపడ్డాం. అంటే ఆ బ్రిడ్జిని దాని చోటు నుంచి కదిపింది ఓడ మనిషి కాదు, మనవాళ్ళే అన్న సంగతి ఆ గర్వంలో ఎవరికీ తట్టలేదు.

మదురైలో మా ఆదివారం పేజీ చూసే పెద్దాయనకు ఫొటో పంపాను. ఆయనకు చరిత్ర వాసన తగిలింది. అసలు బ్రిడ్జి ఎక్కడ ఉండేదో తేల్చమన్నాడు. తేల్చడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. తల దగ్గర తీగలు ఆనే చోటు నుంచి పన్నెండో మెట్టు వరకు ఎంత దూరముందో, పన్నెండో మెట్టు నుంచి బ్రిడ్జి మీద తీగ ఆనే చోటు వరకు దాదాపు అంతే ఉండాలి. గిటార్ పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతట. మాకెవరికీ తెలియకపోవడానికి కారణం, చేతిలో శాంపులు ఉన్నప్పుడు కొలిచే అవసరం రాకపోవడం. మా చెల్లెలి జాకెట్ల టేపుతో కొలిచాం. ఇత్తడి బ్రిడ్జి చాలా వెనక ఉంది. దాని మీద తీగలు ఆనే ముక్కలను ముందుకు జరపగలిగినంత జరిపినా చాలలేదు. అగ్గిపుల్లల వరసే అసలు చోటు.

అంటే మేము పగలూ రాత్రీ శాంపులుగా మోసిన పాత బ్రిడ్జి కూడా అసలుది కాదు. దాని రంధ్రాల ఎడం అగ్గిపుల్లల వరసతో కలవనే కలవదు; ఎవరో తెచ్చి, అక్కడ కుదరక వెనక్కి బిగించిన వేరే ముక్క. తప్పుకు నకలు చేయించి, ఆ నకలు అచ్చుగుద్దినట్టు వచ్చిందని కాఫీ తాగాం. పత్రికల్లో ఈ పద్ధతికి పాత ఫైలు చూడటం అని పేరు.

ఇక్కడ కూడా ఆగి ఉండవచ్చు. కానీ ఆదివారం కథ రాబోతోందని విన్న లీడరు స్వయంగా ఫోన్ చేశాడు. ఈసారి మరీ మర్యాదగా. “అన్నా, కరెక్టైన బ్రిడ్జి కరెక్టైన చోట పెట్టుకోనే రా. పేపర్లో వస్తా ఉండాది. రేపు ఎవురన్నా తప్పు బేసు వాయిస్తా ఉండామని అంటే మనకు బాగుండదు.”

అలా మా పత్రిక పుణ్యమా అని, సరిపోయిన బ్రిడ్జి సరిపోకుండా పోయింది.

మళ్ళీ విరుదునగర్. ఈసారి బావ ఒక అట్టముక్క మీద ముందు వరస రంధ్రాలను గుర్తు పెట్టి తెచ్చాడు. అంగడాయన అట్టను చూసి మొహం తిప్పుకున్నాడు.

“శాంపులు యాడప్పా?”

“శాంపులు తప్పు” అన్నాడు బావ.

ఆ అంగట్లో ఆ మాట అంతకు ముందెవరూ అని ఉండరు. అంగడాయన అట్టను వేలితో వెనక్కి నెట్టాడు. “అట్లంటే నేను దేన్ని చూసి ఇచ్చేది? నీ మొగాన్ని చూసా?” అని అడిగాడు.

ఆ సమయంలో ఫొటోగ్రాఫర్ అద్దాల బీరువాకు ఆనుకుని నిలబడ్డాడు. మొదటిసారి వచ్చినప్పుడు మేమందరం దానికే ఆనుకున్నాం. లోపల వెండి రంగు కప్పుల నడుమ, మెడలో ప్లాస్టిక్ దండతో ఒక పాత బేస్ గిటార్ నిలబెట్టి ఉంది. పలకదు. అలంకారానికి పెట్టింది. దాని బ్రిడ్జి మరల మీద అట్టను పెడితే రంధ్రాలు ఒక్కటి తప్పకుండా కలిశాయి. ఇది రాదు అని మాకు చెప్పినప్పుడు అంగడాయన మోచెయ్యి ఆనించి ఉన్నది కూడా ఆ బీరువా మీదే.

“అది అమ్మేది కాదు. షోకి పెట్టింది” అన్నాడాయన.

“గిటారు అట్లే ఉండనీ. బ్రిడ్జి ఒక్కటి ఇయ్యి” అన్నాడు బావ.

“బ్రిడ్జి లేకుంటే తీగెలు వాలిపోతాయే?”

“దండ ఉండాదిగదా, దాంతో కట్టు.”

అంగడి ఫొటో పేపర్లో వస్తుందని ఫొటోగ్రాఫర్ మాటిచ్చాక ఒప్పుకున్నాడు. పేజీలో చోటు లేక ఆ ఫొటో పడలేదు. ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే వీధి దాటి అటు పక్కకు పోతాడు.

బావ దబ్బనంతో అగ్గిపుల్లలు ఒక్కొక్కటే తవ్వి తీశాడు. మరలు ఆ పాత రంధ్రాల్లోకి గట్టిగా దిగాయి. శ్రుతి చూసే యాప్ ఫోనులో పెట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఒక్కో వేలు ఆనించి మీటాడు. ప్రతిసారీ ముల్లు మధ్యలో నిలిచి పచ్చరంగు వెలిగింది. పన్నెండో మెట్టు మీద కూడా వెలిగింది. ఇత్తడి బ్రిడ్జితో అయితే అక్కడ వెలిగి ఉండేది కాదు. బావ మొహం మీద కూడా వెలుగే.

మా చెల్లెలు మాత్రం, “ఒక పాట వాయించి చూడరాదా” అంది.

“పాటలు తెలిసినవేగదా. కొత్తగా చూసేదేముంది?”

అందులో ఆయన తప్పు లేదు. మా వైపు ఆర్కెస్ట్రాలు రిహార్సలు చెయ్యవు. అవే పాటలు, అదే వరస, పాతికేళ్ళుగా. రిహార్సలు పెడదామన్నవాడికి పాటలు రావేమోనని లీడరు అనుమానపడతాడు. వ్యాను దిగడం, పెట్టెలు మొయ్యడం, మైకు తట్టి చూడటం, అంతే.

ఆదివారం కథ వచ్చింది. ఇంటి నుంచి తప్పిపోయిన పిల్లాడు తిరిగొచ్చినట్టు రాశాను. మదురై పెద్దాయన దాని మీద ఇంకొంచెం కన్నీరు చల్లాడు. తర్వాత పంగుని వచ్చింది.

మొదటి రెండు పాటలూ కింది మెట్ల మీదే నడిచాయి. గిటార్ ఎన్నడూ లేనంత నిండుగా పలికింది. లీడరు ఒకసారి వెనక్కి తిరిగి తల ఊపాడు కూడా. మూడో పాట చరణంలో స్వరం పైకెక్కింది. బావ వేలు ఎప్పటిలాగే తీగను రవంత పక్కకు లాగింది.

అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ అది గమకం కాదని. బ్రిడ్జి మూడు నూళ్ళు వెనక ఉండటంతో పై మెట్ల మీద స్వరం ఎప్పుడూ కొంచెం తక్కువ పలికేది. ఆ తక్కువను బావ వేలు తనంతట తానే లాగి సరిచేస్తూ వచ్చింది. వీణ మాదిరి గమకమని మేము రాసింది ఒక మరమ్మతును. ఇప్పుడు సరిచెయ్యడానికి తప్పు లేదు. వేలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. స్వరం ఎక్కువై పుల్లగా, మైదానం అంతటా వినబడేట్టు పలికింది. స్వరం తేడాగా వినబడితే ఇంకొంచెం లాగాలని ఆ వేలికి నేర్పింది ఆ గిటారే. బావ ఇంకొంచెం లాగాడు. లీడరు చెయ్యి చాచి మీటను కిందికి దించాడు.

మర్నాడు పొద్దున్నే పల్లెకు వెళ్ళాను. నాకంటే ముందే మా పత్రిక చేరింది. మా చెల్లెలికి తమిళం చదవడం వచ్చు. వాకిట్లో నిలబడి మొగుడికి వినబడేట్టు చదువుతోంది. చప్పుడు లేని ఆ ఫొటో నాలుగు కాలమ్‌లలో పడింది. బేస్ గిటార్ గమకాలకు జనం మైమరచిపోయారని కింద రాసి ఉంది. అది నేను రాయలేదు. మదురైలో ఎవరో, ఉత్సవానికి ముందే రాసి పెట్టుకుని ఉంటారు.

“అన్నా, ఈయన వాయించినాడని మీ పేపర్లో ఉండాది. అట్లంటే వాయించినట్టేగదా?”

“పేపర్లో ఉంటే అంతే” అన్నాను.

బావ గడప మీద కూర్చుని ఎడమ చేతి మూడో వేలిని చూసుకుంటున్నాడు. ఆ వేలి కొస కుడివైపుకు కొంచెం వంగి ఉంటుంది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ గమనించలేదు.

“ఇత్తడిది మళ్ళా పెట్టుకో బావా” అన్నాను. “పాతమాదిరి వాయించు. ఎవురికి తెలుస్తాది?”

“తప్పని తెలిసినాంక ఎట్ల పెట్టేది?”

“నిన్నటిదాకా దాంతోనేగదా వాయిస్తివి.”

“తెలియనప్పుడు వాయిస్తే గమకం బావా. తెలిసి వాయిస్తే మోసం.”

“ఆమా, రొంబ పెద్ద హరిశ్చంద్రుడు” అంది మా చెల్లెలు. “పోయిన వారం పత్తిలో నీళ్ళు చల్లి తూకం వేసినప్పుడు ఈ హరిశ్చంద్రుడు యాడ పోయినాడు?”

“అది పత్తి” అన్నాడు బావ. ఆయన దృష్టిలో అది పూర్తి సమాధానమే.

లీడరుకు నేనే ఫోన్ చేశాను. ఆయన ఎప్పటిలాగే మర్యాదగా ఉన్నాడు. రాత్రి వేదిక మీద ఏమీ జరగనట్టు, జనం బాగా వచ్చారని, వాన పడలేదని చెప్పాడు.

“బేసు సంగతి” అని గుర్తుచేశాను.

“ఎవురూ అడగలేదన్నా. ఒక్కరు కూడా. అదే నాకు సంతోషం.”

“మా బావకు సంతోషంగా లేదు.”

“అన్న పెద్ద కళాకారుడు. నేనేమీ చెప్పలేదే. చూస్తాము.”

చూస్తాము అన్న మాటను మా జిల్లాలో ప్రభుత్వ ఆఫీసులు కనిపెట్టాయని అనుకునేవాణ్ణి. నేతవాళ్ళ ఇంట్లో అది ఇంకా నాణ్యంగా తయారవుతుందని ఆ రోజు తెలిసింది.

లేతు పట్టర యజమానికి జరిగింది చెబితే ఆయన కూడా బాధపడ్డాడు. తన బ్రిడ్జిని తీసేశారని ఆయన బాధ. “నా సామానులో ఏమి కొరత? శాంపులు మాదిరేగదా చేసినాను” అన్నాడు. నిజమే. ఈ మొత్తం వ్యవహారంలో అడిగింది అడిగినట్టు చేసినవాడు ఆయనొక్కడే. అందుకే అందరం ఆయన్ని తిట్టుకున్నాం.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. మదురై పెద్దాయన కూడా రిటైరయ్యాడు. ఫొటోగ్రాఫర్ పెళ్ళి ఫొటోలకు మారి మాకంటే బాగున్నాడు. బావ ఆ పంగుని తర్వాత ఇంకే వేదికా ఎక్కలేదు. లీడరు పొమ్మనలేదు, రమ్మనలేదు. అప్పుడప్పుడూ పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా వ్యాను మా బావ ఊరి మీదుగా పోతుంటుంది. హారను కొట్టి పోతుంది.

బావ గిటార్ మీద ఇవాళ్టికీ సరైన బ్రిడ్జే ఉంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఫోను ఎదురుగా పెట్టుకుని సాధన చేస్తాడు. ముల్లును చూస్తూ ఒక్కో స్వరమూ వాయిస్తే వేలు నిటారుగానే ఉంటుంది. కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంటే పక్కకు లాగుతుంది. కింది మెట్ల మీద ఇబ్బంది లేదు. పై మెట్ల సంగతి తేలలేదు. కొన్నాళ్ళుగా ఆయన అటువైపు వెళ్ళడం మానేశాడు. వెళ్ళి చూడమని మా చెల్లెలు అంటే, చూస్తాను అంటాడు.

మళ్ళీ పంగుని దగ్గరికి వస్తోంది. లీడరు నుంచి ఫోను ఇంకా రాలేదు. రాదని కూడా ఆయన చెప్పలేదు.